ఉపాధ్యాయులే పరీక్షార్థులైనపుడు

ప్రశ్న వేయుట ఉపాధ్యాయుని వంతు, సమాధానము చెప్పుట విద్యార్థి వంతు అని లోకమున ఒక యేర్పాటు నడచుచున్నది. నల్లబల్ల ప్రక్కన నిలిచినవానికి అన్నియు తెలియుననియు, ఎదుట కూర్చున్నవారు తెలిసికొనవలసినవారే యనియు మనమందరము చిన్ననాటి నుండి నమ్ముచు వచ్చితిమి. ఈ యేర్పాటును తలక్రిందులు చేసి, ఉపాధ్యాయులనే పరీక్షకు నిలువబెట్టిన పోటీ యొకటి అమెరికా దేశమున జరిగినది. దానిని లక్షలాది జనులు టెలివిజన్‌లో చూచిరి. దాని స్వరూపమును, దానివలన మన ఇండ్లకు అందగల పాఠమును తల్లిదండ్రులకు తెలుపవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

ఇందుకు వేరొక కారణము కూడ కలదు. కొన్ని సంవత్సరములకు పూర్వము మా విద్యార్థి తండ్రి యొకరు మమ్మొక ప్రశ్న అడిగిరి. ఆనాడు మేము సమాధానము చెప్పలేకపోతిమి. ఆ ప్రశ్న యేదియో సందర్భము వచ్చినపుడు చెప్పెదము.

పోటీ స్వరూపము

ఆ ఆట పేరు ‘జెపర్డీ’. ప్రమాదస్థితి యని ఆ మాటకు అర్థము. మెర్వ్ గ్రిఫిన్ అను నాతడు రూపొందించిన ఈ ఆట 1964 మార్చి 30వ తేదీన తొలిసారి ప్రసారమైనది. నడుమ కొంతకాలము ఆగిపోయినను, 1984లో తిరిగి ప్రారంభమై నేటివరకు నడచుచున్నది. 1984 నుండి 2020లో మరణించువరకు అలెక్స్ ట్రెబెక్ దానికి నిర్వాహకుడుగా ఉండెను.

ఒక్కొక్క ఆటలో ముగ్గురు పాల్గొందురు. ఎదుట నున్న పెద్ద పలకపై 6 శీర్షికలు, ఒక్కొక్క శీర్షిక క్రింద 5 గడులు ఉండును. మొదటి విడతలో 30, రెండవ విడతలో 30, చివర అందరు వ్రాసి చూపవలసినది ఒకటి; వెరసి 61. సాధారణముగా ప్రశ్న ఇచ్చి సమాధానము కోరుదురు గదా! ఇచట పద్ధతి వేరు. పలకపై సమాధానము వంటి వాక్యము కనిపించును. పోటీదారుడు దానికి తగిన ప్రశ్నను పలుకవలెను. ‘ఈ నది నాసిక్ సమీపమున త్ర్యంబకేశ్వరమున పుట్టినది’ అని పలకపై ఉన్నచో, ‘గోదావరి యనగానేమి?’ అని చెప్పవలెనన్న మాట.

ఈ ఆటలో రెండు నియమములు ముఖ్యముగా గమనింపదగినవి. మొదటిది: తప్పు చెప్పినవానికి ఆ గడి విలువ వచ్చుట లేదు సరికదా, అప్పటికి కూడబెట్టిన దానిలో నుండి అంత సొమ్ము తగ్గిపోవును. తెలియనివాడు మౌనముగా నున్నచో ఏమియు పోదు. రెండవది: నిర్వాహకుడు వాక్యము పూర్తిగా చదువువరకు ఎవ్వరును మీట నొక్కరాదు. తొందరపడి ముందుగా నొక్కినవానికి పావు సెకను కాలము మీట పనిచేయదు. పావు సెకను అల్పమని తోచవచ్చును. కాని ఆ లోపల ప్రక్కవాడు నొక్కివేయును. ఈ రెండవ నియమము 1985లో వచ్చినది. అంతకు పూర్వము వాక్యము సగములో నుండగనే నొక్కుటకు వీలుండెడిది.

ఈ ఆటలోనే 2011 మే నెలలో కేవలము పాఠశాలల ఉపాధ్యాయుల కొరకు ఒక పోటీ తొలిసారి ఏర్పాటు చేసిరి. అందు 15 మంది ఉపాధ్యాయులు పాల్గొనిరి. మొదట 5 ఆటలు; వానిలో గెలిచిన ఐదుగురును, ఓడినవారిలో ఎక్కువ సొమ్ము సంపాదించిన నలుగురును తరువాతి మెట్టునకు వెళ్లుదురు. ఆపై 3 ఆటలు. వాని విజేతలు ముగ్గురును రెండు దినములు ఆడి, ఆ రెండు దినముల మొత్తమున ఎక్కువ గలవారు ప్రథములగుదురు. మొత్తము 10 ఆటలు, రెండు వారములు. ప్రథమ బహుమానము 1,00,000 డాలర్లు. ఆ తొలి పోటీలో గెలిచినవాడు చార్లెస్ టెంపుల్. అతడు నార్త్ కరోలినా రాష్ట్ర తీరమునకు దూరముగా సముద్రములో నున్న ఓక్రకోక్ అను చిన్న ద్వీపమున ఆంగ్లోపాధ్యాయుడు. ఆ ద్వీపమునకు వంతెన లేదు. పడవపై గాని విమానముపై గాని పోవలెను. గొప్ప నగరములలోని గొప్ప పాఠశాలలవారే గొప్ప పండితులని తలచువారు ఈ సంగతి గుర్తుంచుకొనదగును.

2012 నవంబరులో జరిగిన ఉపాధ్యాయుల పోటీలో షికాగో నగరమునకు చెందిన కోల్బీ బర్నెట్ అను చరిత్రోపాధ్యాయుడు గెలిచెను. అతడు అంతటితో ఆగక, మరుసటి 2013లో అన్ని వృత్తులకు చెందిన విజేతల నడుమ జరిగిన పోటీలో కూడ ప్రథముడై 2,50,000 డాలర్లు పొందెను.

ఆట పుట్టుకకు ముందు జరిగిన మోసము

సమాధానమును ముందుగా ఇచ్చు ఈ వింత పద్ధతి ఎట్లు వచ్చినది? దీని వెనుక ఒక ఉపాధ్యాయుని విషాదగాథ కలదు. తల్లిదండ్రులు పిల్లలకు దీనిని చెప్పదగును.

1956లో అమెరికాలో ‘ట్వంటీ ఒన్’ అను ప్రశ్నల ఆట టెలివిజన్‌లో మిక్కిలి ప్రసిద్ధి పొందెను. దానిలోనికి చార్లెస్ వాన్ డోరెన్ అను యువకుడు వచ్చెను. అతడు కొలంబియా విశ్వవిద్యాలయమున ఆంగ్లము బోధించువాడు. తండ్రి మార్క్ వాన్ డోరెన్ కవి, అదే విశ్వవిద్యాలయమున ఆచార్యుడు. వారము వారము గెలిచి, 1957 మార్చిలో ఓడిపోవు వేళకు అతడు 1,29,000 డాలర్లు సంపాదించెను. ‘టైమ్’ పత్రిక అతని చిత్రమును ముఖపత్రముపై ముద్రించెను. చదువుకొన్నవాడు కూడ సినిమా నటునివలె కీర్తి పొందగలడని తల్లులు తమ బిడ్డలకు అతనిని చూపించిరి.

అది యంతయు కల్ల. ఆట నడిపించువారు అతనికి ప్రశ్నలను, సమాధానములను ముందుగనే ఇచ్చుచుండిరి. ఎచట తడబడవలెనో, ఎచట నుదురు తుడుచుకొనవలెనో గూడ నేర్పుచుండిరి. అతనికంటె ముందు గెలుచుచుండిన హెర్బర్ట్ స్టెంపెల్ అను నాతనిని ఓడిపొమ్మని ఆజ్ఞాపించిరి. 1955వ సంవత్సరపు ఉత్తమ చిత్రమునకు ఆస్కార్ బహుమానము పొందిన సినిమా ఏదని ఒక ప్రశ్న వచ్చినది. అది ‘మార్టీ’ అని స్టెంపెల్‌కు తెలియును. అది అతనికి ఎంతో ఇష్టమైన చిత్రము. ఐనను ఆజ్ఞ మేరకు తప్పు పేరు చెప్పి ఓడెను. తెలిసినదానిని తెలియదని నటించుటకు ఒకడు, తెలియనిదానిని తెలిసినట్లు నటించుటకు వేరొకడు!

1959 నవంబరు 2వ తేదీన వాన్ డోరెన్ అమెరికా శాసనసభ ఉపసంఘము ఎదుట తన దోషమును ఒప్పుకొనెను. విశ్వవిద్యాలయమున అతని ఉద్యోగము పోయెను. ఇట్టి ఆటలలో మోసము చేయుట నేరమని 1960లో అచట చట్టము వచ్చినది. 2019లో మరణించువరకు, అరువది యేండ్లు, ఆ మచ్చ అతని పేరును వీడలేదు.

ఈ అప్రతిష్ఠ తరువాత ప్రశ్నల ఆటలపై జనులకు నమ్మకము పోయినది. కొన్ని యేండ్ల తరువాత గ్రిఫిన్ క్రొత్త ఆట కొరకు ఆలోచించుచుండగా, అతని భార్య జూలన్ ఒక ఉపాయము చెప్పెను. సమాధానములు ముందుగా ఇచ్చుటయే గదా వారి నేరము. మనము బహిరంగముగనే సమాధానమిచ్చి ప్రశ్నను అడిగినచో ఎట్లుండును అని ఆమె భావము. ‘5,280’ అని ఆమె ఉదాహరణము చెప్పగా, ‘మైలునకు ఎన్ని అడుగులు?’ అని గ్రిఫిన్ పలికెను. ఆ సంభాషణ నుండి ‘జెపర్డీ’ పుట్టెను. నేడు ఆ ఆటలో ప్రశ్నలు తెలిసిన ఉద్యోగులతో పోటీదారులు కలియకుండ కట్టుదిట్టము చేయుదురు. ఆ ఉపాధ్యాయుల పోటీ వంటివానిలో మొదటి మెట్టు ఆటలలో ఒకరి సొమ్మెంతయో తరువాత ఆడబోవువారికి తెలియనిచ్చెడివారు కారు. తెలిసినచో దానిని బట్టి పందెము వేయుదురని వారి జాగ్రత్త.

ఒక ఉపాధ్యాయుని మోసముతో మలినమైన చోటికి, అర్ధ శతాబ్దమునకు పైబడిన తరువాత, 15 మంది ఉపాధ్యాయులు వచ్చి తమకు తెలిసినంత తెలుసుననియు, తెలియనిది తెలియదనియు లోకము ఎదుట నిలిచిరి. ఆ పోటీ విలువ మాకు ఇచటనే కనిపించుచున్నది. పదునైదుగురిలో పదునలుగురు ఓడిపోయిరి. వారందరును తరువాత తమ తరగతి గదులకు తిరిగి వెళ్లి, తమ ఓటమిని చూచిన విద్యార్థుల ఎదుటనే పాఠము చెప్పవలసినవారు. అది సామాన్యమైన ధైర్యము కాదు.

మన సంప్రదాయమున

సభలో ప్రశ్నలకు ఎదురు నిలుచుట తెలుగువారికి క్రొత్త కాదు. అష్టావధానమున 8 మంది పృచ్ఛకులు చుట్టు కూర్చుండి, ఒకరు సమస్య ఇచ్చి, ఒకరు దత్తపది ఇచ్చి, ఒకరు అక్షరమక్షరమునకు నిషేధము పెట్టి, ఒకరు అప్రస్తుత ప్రసంగముతో మనస్సు చెదరగొట్టుచుండగా, అవధాని పద్యములు చెప్పి, చివరకు అన్నింటిని ధారణ చేయవలెను. తిరుపతి వేంకట కవులలో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు (1870–1950) ఇట్టి అవధానములతో ఊరూర కీర్తి గడించినవారు. వారు బందరు హిందూ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా పనిచేసిరి. విశ్వనాథ సత్యనారాయణగారు అచట వారి శిష్యులు. సభలో పరీక్షకు నిలిచిన గురువునకు శిష్యులలో గౌరవము తగ్గలేదని దీనివలన తెలియుచున్నది. అవధాని తడబడిన చోట సభ క్షమించును. ముందుగా కూడబలుకుకొని వచ్చినాడని తెలిసినచో మాత్రము క్షమింపదు.

మేము చేసిన తప్పు

ఇప్పుడు ఆరంభమున చెప్పిన సంగతికి వచ్చెదము. మా పాఠశాలలో ఒక యేడు తరగతుల నడుమ ప్రశ్నోత్తరముల పోటీ పెట్టితిమి. ప్రశ్నలు వ్రాసినది మేము. మా తరగతి కూడ పోటీలో ఉండెను. ముందునాటి సాయంకాలము పిల్లలు పుస్తకములు సర్దుకొనుచుండగా, ‘నదుల జన్మస్థానములు ఒకసారి చూచుకొనుడు’ అని ఊరక అన్నట్లు అంటిమి. మరునాడు 10 ప్రశ్నలలో 4 నదులను గూర్చినవి. ప్రశ్న సగములో నుండగనే మా పిల్లలు గంట కొట్టి సమాధానము చెప్పిరి. ఎదుటి తరగతిలో ఒక బాలుడు ఆ వేసవిలో తాతగారితో తలకావేరికి వెళ్లి వచ్చినవాడు. కావేరిని గూర్చిన ప్రశ్న వచ్చినపుడు అతని ముఖము వెలిగినది. చేయి గంటపైకి పోవులోపలనే మావారు చెప్పివేసిరి. కప్పు మా తరగతికి వచ్చినది.

సాయంకాలము మా తరగతి బాలిక యొకతె దగ్గరకు వచ్చి, ‘సార్, వచ్చే వారం పరీక్షకు కూడా ఏవి చూసుకోవాలో చెప్తారా?’ అని అడిగెను. ఆమె ముఖమున కపటము లేదు. మేము నేర్పినదానినే ఆమె తిరిగి అప్పగించుచున్నది. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

మరునాడు ప్రార్థన వేళ అందరి ఎదుట జరిగినది చెప్పి, కప్పును ఎదుటి తరగతికి ఇచ్చివేసితిమి. మా పిల్లలు వారము దినములు మాతో సరిగా మాటలాడలేదు. అప్పుడు ఒక తండ్రి వచ్చి, ‘ఎవరు అడిగినారని చెప్పినారు? పిల్లల సంతోషం పాడు చేయడానికి తప్ప దీనివల్ల ఏం లాభం?’ అని అడిగిరి. వారి కోపము న్యాయమే. తప్పు మాది, శిక్ష పిల్లలకు. మేము తలవంచుకొని నిలుచుంటిమి.

ఇప్పుడు వారికి ఇట్లు సమాధానము చెప్పుచున్నాము. అయ్యా, ఆ కప్పు ఇంటనుండినచో మీ బిడ్డ ప్రతిదినము దానిని చూచుచు, ముందుగా తెలిసికొని గెలుచుట కూడ గెలుపేయని నమ్మెడిది. వాన్ డోరెన్ కూడ మొదట నమ్మినది అదియే; చదువునకు గౌరవము వచ్చుచున్నదని అతనికి నచ్చజెప్పిరి. మేము కప్పు తీసికొని ఇచ్చినది మీ బిడ్డ చదువునే కాపాడుటకు. కాని ఆ మాటను పిల్లలకు ముందుగా విడమరచి చెప్పక, వారిని సభలో చిన్నబుచ్చుట మా రెండవ తప్పు. దానికి క్షమాపణ కోరుచున్నాము.

ఏది తెలిసిన చాలును?

ఇన్ని చెప్పినను, ఇట్టి పోటీలను చూచి సామాన్య జ్ఞానపు పుస్తకములను పిల్లలచేత వల్లె వేయించుటయే విద్య యని తల్లిదండ్రులు తలపరాదు. ‘ఎవరు? ఏది? ఎప్పుడు? ఎక్కడ?’ అను ప్రశ్నలతోనే ఈ ఆట నడచును. వీనికి యంత్రము కూడ సమాధానము చెప్పగలదు. ఉపాధ్యాయుల తొలి పోటీకి మూడు నెలల ముందు, 2011 ఫిబ్రవరిలో, ఐ.బి.ఎం. సంస్థ నిర్మించిన ‘వాట్సన్’ అను యంత్రము ఇదే ఆటలో ఇద్దరు మహావిజేతలను ఓడించెను. ఆ యంత్రము కూడ ఒకచోట తడబడినది. అమెరికా నగరములు అను శీర్షిక క్రింద షికాగో అని చెప్పవలసియుండగా, కెనడా దేశపు టొరొంటో పేరు చెప్పెను. కాని ఆ పేరు ప్రక్కన వరుసగా ప్రశ్నార్థక చిహ్నములు చూపెను; దానిపై 947 డాలర్లు మాత్రమే పందెము పెట్టెను. తనకు నిశ్చయము లేదని యంత్రము చూపగలిగినపుడు, మనుష్యులమైన మనము ‘తెలియదు’ అనుటకు సిగ్గుపడనేల?

‘ఎందుకు? ఎట్లు?’ అను ప్రశ్నలకు ఈ ఆటలో ఎక్కువ చోటు లేదు. అవి తరగతి గదికి, ఇంటి అరుగునకు చెందినవి. గంట కొట్టి తేల్చునవి కావు. పావు సెకనులో గాక, కొన్ని యేండ్లలో వానికి సమాధానములు దొరకును.

ఇంటిలో చేయదగిన అభ్యాసము

వారమునకు ఒకనాడు, రాత్రి భోజనమైన పిదప, అరగంట కాలము పిల్లలతో ఈ ఆటను తెలుగులో ఆడవచ్చును. సమాధానము మీరు చెప్పుడు. ప్రశ్నను పిల్లలు పూర్తి వాక్యముగా చెప్పవలెను. దీనివలన ప్రశ్నావాక్య నిర్మాణము చక్కగా అలవడును. ఇంట తెలుగు, వీథిలో కన్నడము, పుస్తకములలో ఆంగ్లము గల మన పిల్లలకు ఇది మిక్కిలి మేలు. ఈ క్రింది నియమములు పాటింపవలెను.

1. మీరు చెప్పుట పూర్తియగువరకు ఎవ్వరును పలుకరాదు.

2. తప్పు చెప్పినచో ఒక మార్కు తగ్గింపవలెను. ‘తెలియదు’ అన్నవారికి తగ్గింపరాదు.

3. పిల్లలు కూడ మిమ్ము అడుగవలెను. మీకు తెలియనిచో ‘నాకు తెలియదు, రేపు చూచి చెప్పెదను’ అని నోరార అనవలెను. రేపు తప్పక చెప్పవలెను.

4. బహుమానము సొమ్ము రూపమున వద్దు. కన్నడ దూరదర్శన్ చందన ప్రసారమున 2002 నుండి డాక్టర్ నా. సోమేశ్వర నిర్వహించుచు వచ్చిన ‘థట్ అంత హేళి’ అను ప్రశ్నల కార్యక్రమమున గెలిచినవారికి పుస్తకములు ఇచ్చుట మీరు చూచియేయుందురు. ఆ పద్ధతి మనకును అనుసరణీయము.

ఉదాహరణముగా ఒక సమాధానము ఇచ్చి ముగించెదము: ‘1956 నవంబరు 1.’ మీ బిడ్డ ‘ఆంధ్రప్రదేశ్ ఏర్పడినది ఎప్పుడు?’ అని అడుగవచ్చును. ఒప్పే. ప్రక్కనున్న చెల్లెలు ‘కన్నడ ప్రాంతములన్నియు ఒక రాష్ట్రమైనది ఎప్పుడు?’ అని అడుగవచ్చును. అదియు ఒప్పే, నాడు మైసూరు రాష్ట్రమనబడి, 1973లో కర్ణాటకమని పేరు మారినది ఆనాడే విస్తరించినది. ఇద్దరికిని మార్కు వేయుడు. పిదప గంటలు, మార్కులు ప్రక్కన పెట్టి, ‘ఆనాడు మన పెద్దలు ఇక్కడనే ఉండిపోయినది ఎందుకు?’ అని మీరు అడుగుడు. ఇంటిలో పెద్దవారున్నచో వారిని కూడ కూర్చుండబెట్టుడు. దీనికి పలకపై సమాధానము లేదు. మాకును పూర్తిగా తెలియదు. మీ ఇంట దొరికిన సమాధానమును పిల్లలచేత తెలుగులో వ్రాయించి పంపినచో, తరగతిలో చదివించి వినెదము.